నరికితే చిగిర్చే చెట్టు, చిగిర్చని చెట్టు: గ్రీకు పురాణాల నేల

సభకు నమస్కారం.

క్రీ.పూ. 480లో పారశీక చక్రవర్తి జెర్క్సెస్ సైన్యం ఏథెన్స్‌ను పట్టుకుని, అక్రోపోలిస్ కొండ మీది గుడులను తగలబెట్టింది. ఆ కొండ మీద ఎథీనా దేవత మొలిపించిందని నగరవాసులు నమ్మే ఒలీవ చెట్టు ఒకటి ఉండేది. గుడితో పాటు అదీ కాలిపోయింది. మరునాడు జెర్క్సెస్ ఆజ్ఞ మీద బలి అర్పించడానికి కొండెక్కిన ఏథెన్స్ ప్రవాసులు చూసేసరికి, కాలిన మోడు నుంచి మూరెడు చిగురు లేచి ఉందని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆయన తర్వాత ఆరు వందల ఏళ్లకు ఆ ఊరు చూడవచ్చిన యాత్రికుడు పాసనియస్ దగ్గరకు వచ్చేసరికి మూరెడు కాస్తా రెండు మూరలైంది, మరునాడు కాస్తా ఆ రోజే అయింది. చెట్టు కంటే కథే త్వరగా ఎదిగిందన్నమాట.

అదే హెరొడోటస్ మరోచోట ఇంకో చెట్టు సంగతి చెబుతాడు. హెలెస్పాంట్ జలసంధి ఒడ్డున ఉన్న లాంప్సకస్ నగరం వాళ్లు లిడియా రాజు క్రీసస్‌కు మిత్రుడైన మిల్టియాడీస్‌ను బంధించారు. అతణ్ణి విడిచిపెట్టకపోతే మిమ్మల్ని పైన్ చెట్టును తుడిచినట్టు తుడిచిపెడతానని క్రీసస్ కబురు పంపాడు. ఈ పైన్ చెట్టు పోలికేమిటో నగరంలో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి ఒక ముసలాయన విప్పి చెప్పాడు: చెట్లన్నిటిలో పైన్ ఒక్కటే నరికితే మళ్లీ చిగురు వేయదు, వేరుతో సహా నశిస్తుంది. వెంటనే బందీని వదిలేశారు.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకొక ఆలోచన కలిగింది. ఇవాళ మీ ముందు పెట్టదలచుకున్నది అదే. గ్రీకు పురాణాలలో చెట్టు అలంకారం కోసం వచ్చి కూర్చోలేదు. ఏ చెట్టు నరికితే చిగిరుస్తుంది, ఏ గడ్డి బోలుగా ఉంటుంది, ఏ పువ్వు ఎన్నాళ్లు నిలుస్తుంది, ఏ వాగు ఎక్కడ ఇంకి ఎక్కడ పైకి తేలుతుంది అని రోజూ చూసే రైతులు, కాపరులు, నావికులు ఉన్న నేల మీద ఆ కథలు పుట్టాయి. కాబట్టి అక్కడి మొక్కకు ఏ అర్థం ఉందని అడగడానికి ముందు, ఆ మొక్క ఏం చేస్తుందని అడగాలి.

ఒలీవతోనే మొదలుపెడతాను. మన తెలుగు బైబిలు ఈ చెట్టుకు ఒలీవ అని చక్కటి పేరు పెట్టింది కనుక, ఆలివ్ అనకుండా ఆ మాటే వాడుతున్నాను. ఒలీవ మొదట్లో, నేలకు కాస్త పైనా కిందా, కణుపులు కట్టినట్టు ఉబ్బెత్తు ముద్దలుంటాయి. వాటిలో నిద్రాణంగా మొగ్గలుంటాయి. పైనంతా కాలిపోయినా, మంచుకు చచ్చినా, గొడ్డలి పాలైనా, ఆ ముద్దల నుంచి కొత్త రెమ్మలు వస్తాయి. పైన్ పద్ధతి వేరు. దాని జీవమంతా కొమ్మల కొసల్లో ఉంటుంది, మొదట్లో నిద్రపోయే మొగ్గలుండవు. గ్రీసు కొండల్లో పెరిగే ఒక పైన్ జాతి మళ్లీ మొలవడానికి విత్తనాన్నే నమ్ముకుంది. దాని కాయల్లో కొన్ని ఏళ్ల తరబడి బిగిసి ఉండి, కార్చిచ్చు వేడికి విచ్చుకుని, బూడిద మీద గింజలు రాలుస్తాయి. అడవిగా అది మళ్లీ వస్తుంది, నరికిన చెట్టు మాత్రం రాదు. క్రీసస్ బెదిరింపు వృక్షశాస్త్రం దృష్ట్యా సరైనదే, తక్కిన చెట్లన్నీ చిగిరిస్తాయన్న మాట ఒక్కటే అతిశయోక్తి.

సైప్రస్ చెట్టూ మామూలుగా నరికితే చిగిర్చదు. పెంపుడు దుప్పిని పొరపాటున తన బల్లెంతోనే చంపుకుని, ఎప్పటికీ దుఃఖిస్తూ ఉండిపోయే వరం కోరుకున్న కిపరిస్సస్ అనే కుర్రవాణ్ణి అపోలో దేవుడు ఈ చెట్టుగా మార్చాడంటారు. రోమన్లు చావు జరిగిన ఇంటి ముందు సైప్రస్ కొమ్మ పెట్టేవారు. ఒకసారి నరికితే మళ్లీ రాదు గనుకనే ఈ ఆచారమని ప్రాచీన వ్యాఖ్యాతలే చెప్పారు.

ఇప్పుడు అక్రోపోలిస్ మీది ఒలీవ ఎలా పుట్టిందో చెప్పే పోటీ కథను చూద్దాం. నగరం ఎవరిదో తేల్చుకోవడానికి సముద్ర దేవుడు పొసైడన్ త్రిశూలంతో బండను పొడిచి ఉప్పునీటి ఊట తెప్పించాడు. ఎథీనా ఒలీవను మొలిపించింది. తీర్పు ఎథీనాకు దక్కింది. ఎరెక్థియోన్ గుడిలో ఆ ఉప్పునీటి బావిని చూపేవారనీ, దక్షిణపు గాలి వీచినప్పుడు అందులో నుంచి అలల చప్పుడు వినిపిస్తుందనీ పాసనియస్ రాశాడు. ఏథెన్స్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 400 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపలే పడుతుంది, వేసవి నెలలు దాదాపు పొడిగా గడుస్తాయి. మంచినీళ్లకే కటకటలాడే అలాంటి గడ్డ మీద ఉప్పునీరు తెచ్చిన దేవుడు ఓడి, రాతి నేలలో బతికే చెట్టు తెచ్చిన దేవత గెలవడంలో ఆశ్చర్యమేముంది?

ఆ చెట్టు సంతతిగా భావించిన పవిత్ర ఒలీవలను ఏథెన్స్ వాళ్లు మోరియా అనేవారు. అవి ఎవరి పొలంలో ఉన్నా నగరానివే. వాటి నూనెను పనథెనయియా ఉత్సవంలో గెలిచినవారికి జాడీల్లో బహుమతిగా ఇచ్చేవారు. పూర్వం అలాంటి చెట్టును పెకలించినా నరికినా మరణశిక్ష ఉండేదని ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథం చెబుతుంది. క్రీ.పూ. 4వ శతాబ్దం తొలినాళ్ల వ్యాజ్యం ఒకటి మిగిలింది. అందులో ఒక భూస్వామి మీద మోపిన నేరం చెట్టును కొట్టేయడం కాదు, కంచె వేసి కాపాడుతున్న ఒక మోడును తీసేయడం! అతని తరఫున, కోర్టు ప్రసంగాలు రాసిపెట్టే లిసియస్ రాసిచ్చిన వాదన ఇప్పటికీ చదువుకోవచ్చు. ఎండిన మోడుకు కంచె ఎందుకు, విచారణ ఎందుకు అని ఒలీవ స్వభావం తెలియనివారు నవ్వుకోవచ్చు. మూరెడు చిగురు కథ విని పెరిగినవారికి మోడు అంటే చచ్చిన చెట్టు కాదు. ఈ ముడి నేను వేస్తున్నది, లిసియస్ వేసింది కాదు. కానీ ఈడిపస్ చివరి రోజుల మీద సోఫోక్లీస్ రాసిన నాటకంలోని బృందగానం కూడా ఒలీవను తనంతట తానే పుట్టే చెట్టుగా, శత్రువుల ఈటెలకు భయం పుట్టించే చెట్టుగా పొగుడుతుంది. ఆ నాటకం రాసేనాటికి స్పార్టా సైన్యాలు ఏళ్ల తరబడి ఏథెన్స్ పొలాల మీద పడి నరుకుతూ, కాలుస్తూ వచ్చాయి. ఆ మాటలు విన్న ప్రేక్షకులలో తోట పోగొట్టుకున్నవారు ఎంతమంది కూర్చుని ఉంటారో ఊహించండి.

పెర్సెఫొనీ కథకు వస్తాను. ఇక్కడ మనం ఒక విషయం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాలి. మనకు వానలు వేసవి చివర మొదలవుతాయి, ఖరీఫ్ పంట వాటి మీద నడుస్తుంది. గ్రీసు రైతుకు లెక్క తలకిందులు. శరదృతువులో తొలి వానలు పడగానే గోధుమ, బార్లీ చల్లుతాడు, చలికాలమంతా పైరు పచ్చగా ఉంటుంది, మే, జూన్ నెలల్లో కోత. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు నేల పగిలి, గడ్డి పరక లేకుండా ఉంటుంది.

పంటల దేవత డిమీటర్ కూతురు పెర్సెఫొనీని పాతాళ రాజు హేడీస్ ఎత్తుకుపోతాడు. తల్లి అలిగి పైరు మొలవకుండా చేస్తుంది. చివరికి దేవతల రాజు జ్యూస్ రాజీ కుదురుస్తాడు. కానీ అమ్మాయి పాతాళంలో దానిమ్మ గింజ తిన్నది గనుక ఏడాదిలో మూడోవంతు అక్కడే ఉండాలి. హోమర్ పేరిట ఉన్న స్తోత్రంలో అది ఒకే ఒక్క గింజ, రోమన్ కవి ఓవిడ్ దగ్గర ఏడు గింజలు. పెర్సెఫొనీ లేని కాలం అంటే శీతకాలమని మనం పిల్లల పుస్తకాల్లో చదువుకున్నాం. చలికాలంలో మంచు కప్పుకుపోయే ఉత్తర ఐరోపా వాళ్లకు అది సహజమైన అర్థం. డిమీటర్ గుడి ఉన్న ఎల్యూసిస్ పక్కనున్న పొలాలలో చలికాలం పచ్చటి కాలం. అందుకే స్వీడన్ పండితుడు మార్టిన్ నిల్సన్ వేరే అర్థం చెప్పాడు: విత్తనపు ధాన్యాన్ని కోత నుంచి విత్తే దాకా భూమిలో పూడ్చిన కొట్లలో దాచే ఆ నాలుగు వేసవి నెలలే పెర్సెఫొనీ పాతాళంలో గడిపే కాలం. ఏడాదిలో మూడోవంతు అంటే నాలుగు నెలలే గదా.

ఈ వ్యాఖ్యానం నాకు ఎంతో ఇష్టం. అయినా ఒక చిక్కుంది. భూమి వసంత పుష్పాలతో నిండినప్పుడు నీవు మళ్లీ పైకి వస్తావని అదే స్తోత్రంలో తల్లి కూతురితో స్పష్టంగా అంటుంది. నిల్సన్ లెక్క ప్రకారం ఆమె శరత్తులో రావాలి. స్తోత్రం రాసిన కవి మాటను తోసిపుచ్చి రైతు కాలెండరునే పట్టుకునే సాహసం నాకు లేదు. కవి చూసింది పూల తోటను, నిల్సన్ చూసింది ధాన్యపు కొట్టును అనుకుంటాను. దానిమ్మ మాత్రం నిల్సన్ వైపే మొగ్గుతుంది, ఎందుకంటే అది పండేది విత్తనాలు చల్లే శరత్తులోనే. సరిగ్గా ఆ నెలల్లో స్త్రీలు డిమీటర్‌కు చేసే థెస్మొఫోరియా పండుగలో, నేల మీద రాలిన దానిమ్మ గింజను తినకూడదన్న నియమం ఉండేది.

పెర్సెఫొనీని వలలో వేసిన పువ్వు నార్సిసస్, అంటే మన హైదరాబాదులో ఆడపిల్లలకు పేరుగా పెట్టుకునే నర్గీస్. స్తోత్రం దాన్ని ఒకే మొదలు నుంచి నూరు పూలు పూసిన వింతగా వర్ణిస్తుంది. మధ్యధరా తీరాన చలికాలంలో పూసే ఒక నర్గీస్ జాతి ఒకే కాడకు గుత్తిగా పూస్తుంది కనుక, ఆ నూరు అన్నది గాలిలోంచి తెచ్చిన సంఖ్య కాదు, చూసినదాన్ని పెంచి చెప్పినది. నీటిలో తన ముఖం చూసుకుని కరిగిపోయిన కుర్రవాడి నుంచే ఆ పువ్వు పుట్టిందని బియోషియాలోని థెస్పియే ఊరివాళ్లు చెబితే, పాసనియస్ ఊరుకోలేదు. అంతకంటే చాలా ముందు కాలం కవి పెర్సెఫొనీ కోసిన పువ్వుగా దాన్ని పేర్కొన్నాడు గదా అని ఎత్తిచూపాడు.

ఇక అడోనిస్, ప్రేమదేవత అఫ్రొడైటీ వలచిన కుర్రవాడు. ఇతని తల్లి మిర్రా, బోళం చెట్టుగా మారి, చెట్టుగానే ఇతణ్ణి కన్నది. బోళం, అంటే జ్ఞానులు బంగారం, సాంబ్రాణిలతో పాటు తెచ్చారని బైబిలు చెప్పే ఆ జిగురు, గ్రీసులో దొరకదు. అరేబియా దక్షిణ భాగం నుంచీ, ఎర్రసముద్రం ఆవలి ఆఫ్రికా తీరం నుంచీ రావాలి. బెరడుకు గాటు పెడితే కన్నీటి బొట్టులా కారి గడ్డకట్టే ఆ జిగురును చూసినవారికి ఏడుస్తున్న చెట్టు కథ అల్లడం కష్టం కాదు. అడోనిస్ పేరు కూడా ప్రభువు అనే అర్థమిచ్చే సెమిటిక్ మాట. కథ, సరుకు ఒకే దారిన వచ్చాయి.

అడవిపంది కోరకు అడోనిస్ చనిపోయినప్పుడు అతని నెత్తుటి నుంచి అనిమోనీ పువ్వు పుట్టిందని ఓవిడ్, నెత్తుటి నుంచి గులాబీ, అఫ్రొడైటీ కన్నీటి నుంచి అనిమోనీ పుట్టాయని గ్రీకు కవి బియోన్ రాశారు. గాలికి గ్రీకులో అనెమోస్ అని పేరు. ఏ గాలి పేరు పెట్టుకుందో ఆ గాలికే రేకులు రాల్చుకునే అల్పాయుష్షు పువ్వు అది. ఏథెన్స్ స్త్రీలు అడోనిస్ పండుగకు పగిలిన కుండ పెంకుల్లో మట్టి పోసి, లెట్యూస్, సోంపు వంటి గింజలు చల్లి, ఇంటి కప్పుల మీద ఎండలో పెట్టేవారు. అవి గబగబా మొలిచి గబగబా వాడిపోయేవి. బుద్ధి ఉన్న రైతు తన మంచి విత్తనాన్ని ఇలా ఎనిమిది రోజుల తోటల్లో చల్లుతాడా అని ప్లేటో సంభాషణల్లో సోక్రటీస్ అడుగుతాడు. మన పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలిపించడం గుర్తొస్తుంది గానీ, అక్కడ మనం కోరేది పెరగడం. వాళ్లు ఆ మొలకలను నడి ఎండలో పెట్టిందే వాడిపోవడానికి.

లెబనాన్‌లో బిబ్లస్ నగరం దగ్గర సముద్రంలో కలిసే ఒక నది పేరు పూర్వం అడోనిస్. ఏటా ఒక కాలంలో ఆ నీరు ఎర్రబడుతుంది, అది అడోనిస్ నెత్తురని అక్కడివారి నమ్మకం. క్రీ.శ. 2వ శతాబ్దంలో సిరియా దేవతను గురించి లూసియన్ పేరుతో వచ్చిన రచనలో ఈ నమ్మకంతో పాటే, బిబ్లస్ మనిషి ఒకడు చెప్పిన కారణమూ ఉంది: లెబనాన్ కొండల మట్టి ఎరుపు, ఆ రోజుల్లో వీచే బలమైన గాలులు దాన్ని నదిలోకి తోస్తాయి. అదే నిజమైనా, సరిగ్గా ఆ రోజుల్లోనే గాలి వీచడం నాకు దైవికంగానే తోస్తున్నదని రచయిత ముగిస్తాడు. పురాణాలకు శాస్త్రీయ కారణం కనిపెట్టామని మనం మురిసిపోయినప్పుడల్లా ఈ వాక్యం తలచుకోవాలని నాకనిపిస్తుంది. మట్టి సంగతి వాళ్లకూ తెలుసు.

దేవతల దగ్గర నుంచి మనుషుల కోసం దొంగిలించిన నిప్పును ప్రొమీథియస్ దేనిలో దాచి తెచ్చాడు? బోలు నార్థెక్స్ కాడలో అంటాడు ప్రాచీన కవి హెసియడ్. మనిషి ఎత్తు పెరిగే ఈ మొక్క సోంపు కుటుంబానిది. మన పోపులోకి ఇంగువనిచ్చే మొక్క కూడా సరిగ్గా ఈ ప్రజాతికే చెందినది. నార్థెక్స్ ఎండినప్పుడు లోపలి తెల్లటి బెండు మెల్లగా రగులుతుంది, పై తొక్క మాత్రం అంటుకోదు. అగ్గిపుల్లలు లేని కాలంలో నిప్పును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకుపోవడానికి అంతకంటే మంచి సాధనం లేదు. కాబట్టి హెసియడ్ శ్రోతలకు ఆ దొంగతనంలో వింత ఏమీ లేదు, దేవుడి ఇంట్లో దొంగిలించడమే వింత.

అన్ని కథలనూ ఇలా విప్పవచ్చని నేననను. డాఫ్నీ కథను చూడండి. అపోలో తరుముతుంటే, పెనియస్ నది కూతురైన ఆ కన్య లారెల్ చెట్టుగా మారింది. డాఫ్నీ అనే మాటకు గ్రీకులో అర్థమే లారెల్, కనుక కథ చెట్టు పేరులోనే దాగుంది. మొక్క స్వభావం నుంచి ఇంతకు మించి ఏమీ పిండలేను. అయితే థెస్సలీలో పెనియస్ పారే టెంపే లోయ నుంచి లారెల్ కొమ్మలు డెల్ఫీకి తెచ్చి, అక్కడి పిథియన్ క్రీడల్లో గెలిచినవారికి కిరీటం పెట్టేవారు. కాబట్టి కథ ఆ లోయకు కట్టుబడి ఉంది. ఒక చిన్న మాట: మన బిర్యానీ ఆకు ఆ లారెల్ కాదు. రెండూ ఒకే కుటుంబానివే గానీ, మన ఆకులో నిలువునా మూడు ఈనెలుంటాయి, లారెల్‌లో నడి ఈనె ఒకటే.

పేర్ల సంగతి ఎత్తాను కనుక ఇదీ చెప్పాలి. హయకింథోస్, కిపరిస్సోస్, నార్కిస్సోస్ అనే మొక్కల పేర్లకూ, కోరింథోస్ నగరం, పర్నస్సోస్ పర్వతం పేర్లకూ చివర ఒకే రకపు ప్రత్యయాలున్నాయి. ఇవి గ్రీకు భాష కంటే ముందు ఆ నేల మీద ఉన్న భాష నుంచి మిగిలినవని భాషావేత్తల అభిప్రాయం. గ్రీకులు వచ్చేసరికే కొండకూ పువ్వుకూ పేర్లున్నాయి. వచ్చినవాళ్లు పేర్లను ఉంచుకుని, ఆ పేర్లతో అందమైన కుర్రవాళ్లను పుట్టించి, చంపి, మళ్లీ పువ్వులుగా పూయించారు.

నీటి సంగతి క్లుప్తంగా చెబుతాను. గ్రీసు కొండల్లో ఎక్కువ భాగం సున్నపురాయి. వాన నీరు ఆ రాతిని కరిగించి బిలాలు చేస్తుంది. నదులు ఒకచోట నేలలో దూరి, మైళ్ల అవతల ఊటగా లేస్తాయి. ఆర్కేడియాలో ఆల్ఫియస్ నది నిజంగానే ఇలా మాయమై మళ్లీ కనిపిస్తుంది. అలాంటి నది సముద్రం కింద నుంచి వెళ్లి, తాను ప్రేమించిన అరెథూసా అనే అప్సరసను సిసిలీలోని సిరాక్యూస్‌లో ఊటగా కలిసిందని చెప్పడం, ఉన్నదాన్ని కాస్త సాగదీయడమే. ఆ ఊటలో ఇప్పటికీ పెపైరస్ తుంగ పెరుగుతోంది. లెర్నా చిత్తడిలో హెరాక్లీస్ ఒక తల నరికితే రెండు మొలిచిన హైడ్రా కూడా, ఒకచోట మూస్తే ఇంకోచోట ఎగదన్నే ఊటలేనని కొందరంటారు. అది ఆకర్షణీయమైన మాట, నిరూపించలేని మాట.

చెట్టు నరికితే ఏమవుతుందన్న ప్రశ్నకు మరో జవాబు ఎరిసిక్థోన్ కథ. డిమీటర్ తోపులో చెట్టు నరికి విందుశాల కట్టుకోవాలనుకున్న ఇతనికి దేవత తీరని ఆకలిని శాపంగా ఇచ్చింది. ఎంత తింటే అంత ఆకలి, చివరికి రాజకుమారుడు మూడు దారుల కూడలిలో కూర్చుని ఎంగిలి మెతుకులు అడుక్కున్నాడని కవి కలిమాకస్ రాశాడు. ప్లేటో తన క్రిటియస్ అనే సంభాషణలో ఏథెన్స్ చుట్టూ ఉన్న అట్టికా దేశాన్ని జబ్బుతో చిక్కిన శరీరపు ఎముకలతో పోల్చాడు: మెత్తటి మట్టి కొట్టుకుపోయి అస్థిపంజరం మిగిలింది, ఇప్పుడు తేనెటీగలకు తప్ప దేనికీ తిండిపెట్టని కొండల నుంచి ఒకప్పుడు పెద్ద కట్టడాలకు దూలాలు నరికారు, ఆ దూలాలు ఇంకా చెక్కుచెదరలేదు అంటాడు. ప్లేటో మాటను అక్షరాలా తీసుకోరాదని వాదించే పరిశోధకులు ఉన్నారు, వారి వాదనలో బలమూ ఉంది. కానీ కొండను చూసి, పాత ఇంటి దూలాన్ని చూసి, రెంటినీ కలిపి ఆలోచించిన మనిషి అక్కడ ఒకడున్నాడన్నది మాత్రం కాదనలేం.

చివరిగా, ఈ పురాణాలకు మన దేశంతో ఉన్న నిజమైన ముడి ఒకటుంది, అదీ ఒక తీగ వల్లే. క్రీ.పూ. 327, 326 సంవత్సరాలలో అలెగ్జాండర్ సైన్యం కాబూల్, సింధు నదుల నడిమి కొండల్లో నీసా అనే ఊరికి చేరింది. మా ఊరిని ద్రాక్షసారా దేవుడు డయొనైసస్ కట్టాడనీ, అందుకు రుజువు ఇక్కడ తప్ప హిందూదేశంలో మరెక్కడా పెరగని, ఆయనకు ప్రీతిపాత్రమైన ఐవీ తీగేననీ ఆ ఊరి పెద్ద చెప్పాడు. పక్కనే మేరోస్ అనే కొండ. గ్రీకులో మేరోస్ అంటే తొడ. డయొనైసస్‌ను జ్యూస్ తన తొడలో కుట్టుకుని మోశాడన్నది వాళ్ల పురాణం. మన చెవికి ఆ పేరులో మేరువు వినిపిస్తుంది. ఏళ్ల తరబడి ఐవీని చూడని మాసిడోనియా సైనికులు పరుగున వెళ్లి ఆకులు తెంపి, దండలు కట్టి తలలకు చుట్టుకుని, దేవుణ్ణి పాడుకున్నారని చరిత్రకారుడు ఆరియన్ రాశాడు. అలెగ్జాండర్‌ను మెప్పించడానికి అల్లిన కథలివి అని గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ కొట్టిపారేసిన సంగతినీ ఆయనే చెప్పాడు. కథ నిజం కాకపోయినా తీగ నిజం. హిమాలయాల్లో ఐవీ జాతి ఒకటి ఈనాటికీ పెరుగుతోంది.

ఆ దండయాత్రతో వచ్చిన సమాచారం ఏథెన్స్‌లో థియోఫ్రాస్టస్ అనే పండితుడికి చేరింది. కొమ్మల నుంచి ఊడలు దించి, పందిరి వేసినట్టు పరుచుకునే మన మర్రిచెట్టు గురించి యూరప్‌లో మొదటి వర్ణనల్లో ఒకటి ఆయనదే. ఆ పుస్తకంలోనే మేరోస్ కొండ ఐవీ ప్రస్తావన వస్తుంది, ఆ వెంటనే ఇంకో సంగతి. అలెగ్జాండర్ కోశాధికారి హార్పలస్ బాబిలోన్ ఉద్యానవనాల్లో గ్రీసు మొక్కలు పెంచాలని పూనుకున్నాడు. మిగిలినవి ఎలాగోలా బతికాయి గానీ, ఐవీని మాత్రం ఎన్నిసార్లు నాటించినా, ఎంత శ్రద్ధగా చూసినా, ఆ గాలికీ ఆ వేడికీ అది నిలవలేదు.